వెన్ను బిగిసిన వేళ

వరికుంటపాడు వంటి మెట్టసీమలో నడుము బిగిసినవారిని చూచి మనము కీళ్లవాతమని అనుకొందుము. నాటి నెల్లూరు జిల్లాలో అట్టివారిని పరీక్షించిన షార్ట్ మున్నగు వైద్యులు, బావినీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వెల్లడించిరి.

వాపువలన వెన్నుపూసలు అతుకుకొనిపోవు ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ వేఱు వ్యాధి. అందు బిగిసిన వెన్ను చిన్న దెబ్బకే విరుగవచ్చును. బ్రిటనులో దానికి ఎక్సురే చికిత్స చేయగా నొప్పి తగ్గెను. కాని 1935–54 నడుమ ఆ చికిత్స పొందిన 13,000 పైచిలుకు రోగులలో రక్తకాన్సరు మరణములు సామాన్యులకంటె పలురెట్లు హెచ్చని కోర్ట్ బ్రౌన్, డాల్ 1957లో చూపిరి. క్రమముగా ఆ చికిత్స మూలబడెను.

రెండు వ్యాధులకును పైరూపమొకటే, మూలములు వేఱు. ఒకదానిని మంచినీరు నివారించును. రెండవదానికి వైద్యుని నిదానము కావలెను. కారణమెఱుగక మందు వెదకుట మనకు తగదు.