మస్టరు కాగితము నుండి ఉపగ్రహము వరకు

అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. 1876–78 నాటి క్షామములో బళ్లారి జిల్లాతో కలిసియున్న ఈ సీమ ప్రజలు రోడ్డుపనులతో, చెరువుపనులతో ప్రాణములు నిలుపుకొనిరి. 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకమును ప్రారంభించినది ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే. ప్రభుత్వము పెట్టిన పేరు ఏదైనను జనుల నోట అది ‘కరువు పని’.

పనికి నిజముగా వచ్చినదెవరు? దీనికి తొలినాళ్ల సమాధానము మస్టరు: కాగితముపై పేరు, దాని ఎదుట వేలిముద్ర. రానివారి పేర్లును అందు చేరుట కద్దు. అందుచేతనే మస్టరును ఊరివారి ఎదుట చదివి విచారించు సామాజిక తనిఖీ ఆంధ్రప్రదేశములో 2006లోనే మొదలైనది. 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, ఫోను హాజరు తప్పనిసరియైనది. కూలీలకు పెద్దయైన మేటు రోజుకు రెండుమార్లు వారి ఫొటో తీయవలెను. దానితో కాలము, అక్షాంశ రేఖాంశములు చేరును.

ఉపగ్రహము మనలను చూచుచున్నదని పలువురి తలంపు. అది సరికాదు. జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తామున్న చోటును, తమ గడియారపు వేళను చాటుచుండును, అంతే. ఫోను వినును. సంకేతము ప్రయాణించిన కాలమును కాంతివేగముతో హెచ్చించినచో దూరము వచ్చును. మూడు దూరములతో స్థానము తేలును. ఫోను గడియారము అంత నిక్కచ్చిది కాదు గనుక దానిని సవరించుటకు నాల్గవ ఉపగ్రహము కావలెను. సెకనులో పదిలక్షవ వంతు పొరపాటైనను దూరములో 300 మీటర్లు తేడా వచ్చును! శ్రోతలెవరో రేడియో కేంద్రమునకు తెలియనట్లే, బండ్లపల్లి కూలీ ఎవరో ఉపగ్రహమునకు తెలియదు.

చిక్కంతయు తరువాతి అడుగులోనున్నది. ఫోను తాను గణించిన స్థానమును టవరు ద్వారా దూరపు కంప్యూటరునకు పంపును. ఆటోను పిలుచు యాప్‌లోను జరుగునది ఇదియే. అయితే అచ్చట పంపువాడు ఫోను గలవాడు. ఇచ్చట ఫోను మేటుది, ముఖము కూలీది. ఒకనాటి గుర్తు అల్పమే. నూరు దినముల గుర్తులను వరుసగా పేర్చినచో ఆమె ఏనాడు ఎచ్చట పార పట్టెనో, ఏనాడు రాలేదో బయటపడును. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పెను. అయినను 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ప్రభుత్వ ప్రయోజనములు అందించు సందర్భములలో కొన్ని షరతులతో సమ్మతి అక్కరలేదనెను.

ఇంతటితో దొంగహాజరు ఆగినదా? సంబంధము లేని చిత్రములు, ఫొటోకే తీసిన ఫొటోలు వచ్చుచున్నవని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే లేఖ వ్రాసెను. గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోను మనుష్యులే సరిచూడవలెనని ఆ లేఖలోని ఆదేశము.