హార్డ్ డిస్కుకు కునుకు కావాలా?

గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాన్ ఆపుతాం, లైటు ఆపుతాం. మరి కంప్యూటర్ డబ్బాలో పని లేకపోయినా గంటల తరబడి తిరిగే హార్డ్ డిస్కును ఆపాలా, వద్దా? కొందరు కరెంటు మిగులుతుంది ఆపమంటారు. కొందరు మాటిమాటికీ ఆపి నడిపితే పాడవుతుంది, తిరగనివ్వమంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కో కాలంలో ఒక్కో మాట నిజమైంది. ఆ చరిత్ర తెలిస్తే మన ఇంటికి ఏది సరిపోతుందో మనమే చెప్పుకోవచ్చు.

నాకు ఈ సంగతి ఎందుకంటే, మా పుట్టిల్లు మానుకోట, అత్తవారిల్లు జనగామ, ఆడబిడ్డ వాళ్లది భూపాలపల్లి. మూడిళ్ల పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, బతుకమ్మలు అన్నీ మా కంప్యూటర్‌లోని రెండో డిస్కులోకే చేరతాయి. పోయిన మా మామయ్య నవ్వుతూ మాట్లాడిన వీడియో ఒక్కటే ఉంది. అదీ అందులోనే. అత్తమ్మ అప్పుడప్పుడు పెట్టించుకుని చూస్తారు. అందుకే ఆ డిస్కు బాగోగులు నాకు కరెంటు బిల్లు కంటే పెద్ద విషయం.

మొదటి హార్డ్ డిస్కును ఐబీఎం 1956లో తెచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50 ఒకదాని మీద ఒకటి పేర్చి, నిమిషానికి 1,200 సార్లు తిప్పేవారు. బరువు టన్నుకు పైనే. అంతా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇప్పటి ఫోన్‌లో ఒక్క ఫోటోకే దాదాపు అంత చోటు కావాలి. ఆఫీసు పని నడిచినంతసేపూ రైస్ మిల్లులా అది తిరగాల్సిందే. మధ్యలో కునుకు అనే ఆలోచనే లేదు.

గొడవంతా 1973లో వచ్చిన వించెస్టర్ రకం డిస్కులతో మొదలైంది. పళ్లెం తిరిగేటప్పుడు, రాసి చదివే తల గాలిపొర మీద తేలుతుంది. పళ్లెం ఆగితే ఆ తల పళ్లెం మీదే వాలుతుంది. అంటే ఆపిన ప్రతిసారీ, నడిపిన ప్రతిసారీ కాస్త రాపిడి. 1980లో సీగేట్ చిన్న కంప్యూటర్లకు 5 మెగాబైట్ల డిస్కు తెచ్చాక ఈ రాపిడి బల్లల మీదికి వచ్చింది. డబ్బా కదిలించే ముందు తలను సురక్షితమైన చోట నిలపడానికి 'పార్క్' అని ఆజ్ఞ ఇచ్చేవారు. నున్నటి పళ్లేనికి తల అతుక్కుపోయి, మళ్లీ తిరగని డిస్కులూ ఉండేవి. "ఆపకండి" అన్న పెద్దల మాట ఆ రోజులది.

ఇంకో కారణం కూడా ఉంది. జనగామ వైపు బోరు మోటార్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మోటారు నడుస్తున్నప్పటి కంటే మొదలయ్యేటప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. కోతల రోజుల్లో కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. డిస్కూ అంతే. ఖాళీగా తిరిగేటప్పుడు 5 వాట్లు తీసుకునేది, లేచే ఆ కొన్ని క్షణాలు 20 వాట్లు దాటుతుంది. అందుకే పెద్ద సర్వర్లలో పదుల డిస్కులను ఒక్కసారి లేపరు, ఒకదాని తర్వాత ఒకటి లేపుతారు.

మరి కునుకు ఎలా వచ్చింది? 1980ల చివర్లో ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. బ్యాటరీ నిలవాలంటే డిస్కు ఆగక తప్పలేదు. 1992లో అమెరికా ప్రభుత్వం కంప్యూటర్లకు, మానిటర్లకు ఎనర్జీ స్టార్ గుర్తు మొదలుపెట్టడంతో, పని లేనప్పుడు నిద్రపోవడం బల్ల మీది కంప్యూటర్లకూ మంచి లక్షణమైంది. 1990ల చివరికి డిస్కు తలకు పక్కన చిన్న వాలుబల్ల అమర్చారు. ఆగేటప్పుడు తల పళ్లెం మీద వాలకుండా దాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. పాత రకానికి సాధారణంగా 50 వేల సార్లు ఆగి లేచే లెక్క ఉంటే, కొత్త రకానికి 3 లక్షలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ.

ఇక మన ఇంటి లెక్క. రోజుకు 3 గంటలు ఖాళీగా తిరిగే డిస్కును ఆపితే ఏడాదికి సుమారు 5 యూనిట్లన్నర మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 33 రూపాయలు. లక్ష ఇళ్లు ఆపితే అయిదున్నర లక్షల యూనిట్లు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. రెండూ నిండుగా నడిస్తే అరగంటలో అంత కరెంటు తయారవుతుంది. బొగ్గు మిగలడం మంచిదే. కానీ మన ఇంట్లో అది పెద్ద డబ్బేమీ కాదు.

కాబట్టి నా పద్ధతి ఇది. విండోస్ ఉన్న డిస్కును దాని మానాన వదిలేశాను. దానికి ఎప్పుడూ ఏదో పని తగులుతూనే ఉంటుంది. ఫోటోల డిస్కు ఆగేలా పవర్ ఆప్షన్స్‌లో 20 నిమిషాలు పెట్టాను. రెండు మూడు నిమిషాలు పెడితే పడుకోబెట్టడం, లేపడం, మళ్లీ పడుకోబెట్టడం అవుతుంది. చంటిపిల్లను అలా చేస్తే ఊరుకుంటుందా? మీ కంప్యూటర్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ అయితే ఈ బాధే లేదు. అందులో తిరిగేదేమీ ఉండదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. ఉన్నట్టుండి కరెంటు పోతే, ఇంకా తిరుగుతున్న పళ్లేల ఊపుతోనే డిస్కు కాస్త కరెంటు పుట్టించుకుని, తలను భద్రమైన చోటికి చేర్చుకుంటుంది. అయితే అది తన తలను కాపాడుకోవడమే. మనం అప్పుడు రాస్తున్న ఫైలుకు భరోసా లేదు.

ఎంత బాగా చూసుకున్నా ఏదో ఒకరోజు డిస్కు పోతుంది. మా జిల్లా బమ్మెరకు చెందిన పోతన భాగవతంలోనే కొన్ని భాగాలు శిథిలమైతే గంగన, సింగన, నారయ పూరించారని సాహిత్య చరిత్ర చెబుతుంది. పద్యాలు కాబట్టి పూరించగలిగారు. మామయ్య నవ్వును ఎవరు పూరిస్తారు? అందుకే ఒక ప్రతి మానుకోటకు, ఒకటి భూపాలపల్లికి పంపాను. దసరాకు అందరం కలిసినప్పుడు ఆ డిస్కులు తెరిచి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుంటాం. ముందుగా అత్తమ్మ అడిగే వీడియోనే పెడతాం.