హార్బిన్ ప్లేగు: వైద్యుడిని పంపిన విదేశాంగ శాఖ

ఒక రాజ్యం తన భూభాగంలో చెలరేగిన అంటురోగాన్ని అదుపు చేయలేకపోతే ఆ భూభాగంపై దాని హక్కు నిలుస్తుందా అనే ప్రశ్న, 1910 చలికాలంలో ఈశాన్య చైనాలోని మంచూరియాలో తలెత్తినంత సూటిగా ఆధునిక చరిత్రలో చాలా అరుదుగా తలెత్తింది. కొద్ది నెలల్లోనే దాదాపు 60 వేల మందిని బలిగొన్న ఆ ప్లేగును, చైనాలోని యునాన్ ప్రాంతం నుంచి 1894లో హాంకాంగ్‌కు, 1896లో బొంబాయికి చేరి ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసిన మూడవ ప్లేగు మహమ్మారిలో భాగంగానే చరిత్రకారులు సాధారణంగా లెక్కిస్తారు. వైద్య చరిత్ర గ్రంథాలు మాస్కుల వాడకం విస్తరించిన సందర్భంగా దీన్ని తలచుకోవడం న్యాయమే గాని, ఆనాటి పాలకుల దృష్టిలో అది అన్నిటికన్నా ముందు రైలు మార్గాల, సరిహద్దుల సమస్య.

మంచూరియా పేరుకు చింగ్ వంశపు చక్రవర్తిదే అయినా, అక్కడి రాకపోకల మీద అధికారం వేరేవారిది. ఉత్తరాన రష్యా నిర్మించిన చైనీస్ ఈస్టర్న్ రైల్వే, దాని పొడవునా రష్యన్ల పోలీసులు, న్యాయస్థానాలు, ఆసుపత్రులు ఉండేవి. రష్యా-జపాన్ యుద్ధం తర్వాత 1905లో కుదిరిన పోర్ట్స్‌మౌత్ సంధి ప్రకారం దక్షిణ శాఖ జపాన్ చేతికి వచ్చి సౌత్ మంచూరియా రైల్వేగా మారింది. యుద్ధంలో తలపడిన ఈ రెండు దేశాలే 1907లోను, మళ్లీ 1910 జూలైలోను రహస్య ఒప్పందాలు చేసుకుని మంచూరియాలో ఎవరి ప్రాబల్యం ఎంతవరకో గీత గీసుకున్నాయి. ఆ ఏడాది ఆగస్టులోనే జపాన్ పక్కనున్న కొరియాను తనలో కలుపుకుంది. మరో రెండు నెలలకు రష్యా సరిహద్దు పట్టణమైన మంచూలీలో ప్లేగు బయటపడింది.

దాని మూలం టార్బగాన్ అనే మర్మోట్ జాతి జంతువు. ఈ జంతువు ఉన్నిచర్మానికి రంగు వేసి ఖరీదైన సేబుల్ చర్మంలా అమ్మవచ్చని యూరప్ వ్యాపారులు కనిపెట్టడంతో దాని ధర బాగా పెరిగి, జబ్బుపడిన జంతువును గుర్తించి వదిలేయడం తెలిసిన స్థానిక వేటగాళ్లకు తోడు, ఆ జాగ్రత్త తెలియని వలస కూలీలు వేలాదిగా స్టెప్పీ మైదానాలకు చేరారు. చలి ముదిరేసరికి వారు ఇరుకు సత్రాల్లో కిక్కిరిసి తలదాచుకున్నారు; ఆపైన చాంద్రమాన సంవత్సరాదికి షాన్‌డాంగ్ రాష్ట్రంలోని సొంతూళ్లకు చేరాలని రైళ్లు ఎక్కారు. వ్యాధి కూడా వారితోపాటే మంచూలీ నుంచి హార్బిన్‌కు, అక్కడి నుంచి చాంగ్‌చున్, ముక్డెన్ నగరాలకు పట్టాల వెంబడి దిగివచ్చింది. రెండు సామ్రాజ్యాలు సైన్యాలను, సరుకులను వేగంగా తరలించేందుకు వేసిన దారే మహమ్మారికీ దారి కావడం ఆ చరిత్రలోని కఠోర సత్యం.

ఈ విపత్తుకు చైనా ప్రభుత్వంలో ముందుగా స్పందించింది విదేశాంగ శాఖ. చైనా చేయలేకపోతే ప్లేగు నివారణను తామే చేపడతామన్న ఒత్తిడి రష్యా, జపాన్‌ల నుంచి పెరుగుతుండగా, గతంలో హార్బిన్‌లో అధికారిగా పనిచేసిన విదేశాంగ ఉన్నతోద్యోగి షి జావోజీ, టియాన్‌జిన్‌లోని సైనిక వైద్య కళాశాలలో ఉన్న 31 ఏళ్ల వు లియెన్‌తేను ఎంపిక చేసి హార్బిన్ పంపారు. బ్రిటిష్ పాలనలోని పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో వైద్యం చదివిన వు, వైద్యశాస్త్రంతోపాటు విదేశీ కాన్సుళ్లతో వారి భాషలో మాట్లాడగల శక్తి కూడా ఉన్నవాడు; ఆ నియామకంలో రెండవ అర్హతకు మొదటి దానికంటే తక్కువ విలువ ఉండి ఉండదు. (మహమ్మారి వేళ విదేశాంగ శాఖ ముందుకు రావడం తెలుగువారు దగ్గరగా చూసిన విషయమే: 2020 డిసెంబరు 9న భారత విదేశాంగ శాఖ అరవైకి పైగా దేశాల రాయబారులను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ సంస్థలకు తీసుకువెళ్లింది. మరుసటి మార్చిలో భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల క్వాడ్ కూటమి తన టీకా పథకానికి బయోలాజికల్-ఇ నే ఎంచుకుంది.)

1910 డిసెంబరు 24న హార్బిన్ చేరిన వు, చైనీయులు నివసించే ఫుజియాడియన్ పేటలో మరణించిన ఒక జపాన్ మహిళ దేహానికి రహస్యంగా శవపరీక్ష చేసి ప్లేగు క్రిమిని చూశారు. బొంబాయిలో పరిశోధకులు నిరూపించిన ప్లేగు ఎలుకల ఒంటి మీది ఫ్లీ పురుగుల ద్వారా సోకి, గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టించేది. హార్బిన్‌లోనిది మాత్రం ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి నేరుగా మనిషికి సోకే న్యుమోనిక్ ప్లేగు అని ఆయన తేల్చారు. ఈ తేడా పాలనను పూర్తిగా మార్చేది: ఎలుకలను చంపితే సరిపోదు, మనుషుల కదలికను ఆపాలి, ఆపాలంటే రైళ్ల మీద మాట చెల్లాలి. ఆ వాదాన్ని అంగీకరించని ఫ్రెంచి వైద్యుడు జెరాల్డ్ మెన్యీ మాస్కు లేకుండానే రోగులను పరీక్షించి జనవరి 11న మరణించడంతో, పల్చని గుడ్డ మడతల మధ్య దూది పెట్టి కట్టుకునే మాస్కుకు అప్పటివరకు లేని గౌరవం వచ్చింది.

ఫుజియాడియన్‌ను నాలుగు భాగాలుగా విడగొట్టి, ఒక భాగంవారు మరో భాగంలోకి వెళ్లకుండా రంగు పట్టీలతో గుర్తించి, వెయ్యికి పైగా సైనికులను కాపలా ఉంచారు. రోగులతో మెలిగినవారిని విడిగా ఉంచేందుకు రష్యన్ రైల్వే నుంచి సరుకు పెట్టెలు అరువు తెచ్చుకోవలసి వచ్చింది. జనవరిలో దక్షిణాన రైళ్లపై ఆంక్షలు పెట్టి, మహాకుడ్యం సముద్రాన్ని తాకే షాన్‌హైగ్వాన్ దగ్గర ప్రయాణికులను నిలిపివేశారు. నేల గడ్డకట్టి గోతులు తీయలేక వారాల తరబడి పేరుకున్న రెండు వేలకు పైగా శవాలను, పూర్వీకుల సమాధిని పవిత్రంగా చూసే సమాజంలో చక్రవర్తి ప్రత్యేక ఉత్తర్వు తెప్పించి మరీ, సంవత్సరాది వేళ జనవరి 31న దహనం చేశారు. మార్చి మొదటికల్లా హార్బిన్‌లో కేసులు ఆగిపోయాయి. ఆ చర్యలు పేద కూలీల మీద ఎంత కర్కశంగా పడ్డాయో కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది: సైనికులు ఆపింది వారినే, సరుకు పెట్టెల్లో ఉంచిందీ ఎక్కువగా వారినే.

ప్లేగు పేరిట బలప్రయోగం ఎంత ప్రమాదకరమో అప్పటికే భారతదేశంలో రుజువైంది. 1897 వెనిస్ సదస్సుకు ముందే యూరప్ దేశాలు బొంబాయి రేవు నుంచి వచ్చే ఓడలపైన, హజ్ యాత్రికులపైన ఆంక్షలకు పట్టుబట్టగా, వ్యాపారం దెబ్బతింటుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఏడాదే అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పుణెలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదా చేయగా, జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. అక్కడ పరాయి ప్రభుత్వం రోగనివారణ వల్ల చట్టబద్ధతను పోగొట్టుకుంటే, మంచూరియాలో కూలిపోతున్న ఒక ప్రభుత్వం అదే పనితో కొంత చట్టబద్ధతను నిలుపుకుంది.

1911 ఏప్రిల్‌లో ముక్డెన్‌లో 11 దేశాల శాస్త్రజ్ఞులు పాల్గొన్న అంతర్జాతీయ ప్లేగు సదస్సుకు వు అధ్యక్షత వహించడం ఈ కోణం నుంచే అర్థమవుతుంది. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు క్రిమిని పరిశోధించిన జపాన్ శాస్త్రవేత్త కితసాతో షిబసబురో, రష్యన్ పరిశోధకుడు జబొలోత్నీ, భారత ప్లేగు పరిశోధనలో పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు పెట్రీ ఒక చైనా వైద్యుడి అధ్యక్షతన కూర్చున్నారు. చర్చలు శాస్త్ర విషయాలకే పరిమితం కావాలన్న చైనా పట్టుదల అసలైన రాజకీయ నిర్ణయం. రైల్వే మండలాల్లో అధికారం ఎవరిదన్న ప్రశ్న బల్ల మీదికి వస్తే, ఆ బల్ల దగ్గర చైనాకు బలం లేదు.

ఆ అక్టోబరులోనే వుచాంగ్‌లో తిరుగుబాటు మొదలై, 1912 ఫిబ్రవరిలో చింగ్ వంశం గద్దె దిగింది. అయినా సదస్సు ఫలితంగా 1912లో ఏర్పడిన ఉత్తర మంచూరియా ప్లేగు నివారణ సంస్థ కస్టమ్స్ రాబడితో నడుస్తూ, 1920-21లో ప్లేగు తిరిగి వచ్చినప్పుడు మరణాలను సుమారు 9,300కు పరిమితం చేయగలిగింది. 1930లో చైనా జాతీయ క్వారంటైన్ సేవను నెలకొల్పి, అప్పటివరకు విదేశీయుల ఆధిపత్యంలోని కస్టమ్స్ యంత్రాంగం చూసుకున్న రేవుల ఆరోగ్య తనిఖీని తన చేతికి తీసుకుంది. దాని అధిపతి కూడా వు లియెన్‌తేనే. యుద్ధం చేయకుండా తిరిగి పొందిన సార్వభౌమాధికారం, అంటే తన నేల మీద తన మాటే చెల్లే అధికారం, ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

ఆ విజయం ఎంతో కాలం నిలవలేదు. 1931 సెప్టెంబరులో జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించింది. కొద్ది వారాలకే వును గూఢచారి అన్న అనుమానంతో నిర్బంధించి, తర్వాత వదిలింది. 1930ల చివరి నాటికి హార్బిన్ శివారు పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యపు ‘731వ దళం’ స్థావరం వెలసింది. అక్కడ ఖైదీలపై ప్రయోగాలు జరిపి ప్లేగును ఆయుధంగా తయారు చేశారు. 1940లో నింగ్బో, 1941లో చాంగ్డే నగరాలపై విమానాల నుంచి ప్లేగు సోకిన ఫ్లీ పురుగులను జారవిడిచారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ ప్రయోగాల సమాచారం తమకు చిక్కాలని అమెరికా ఆ దళాధిపతి ఇషీ షిరోకు విచారణ నుంచి మినహాయింపు ఇచ్చింది. సోవియట్ యూనియన్ 1949లో ఖబరోవ్‌స్క్‌లో 12 మంది జపాన్ సైనికోద్యోగులను విచారిస్తే, పశ్చిమ దేశాలు దాన్ని ప్రచారమని కొట్టిపారేశాయి.