జట్కా బండి లెక్క

గుర్రపు బండ్ల గురించి రాసినవాళ్ళు ఎక్కువగా లోపల కూర్చున్నవాళ్ళ దర్జా గురించే రాశారు. నేను ఇంజినీర్ని కాబట్టి నా చూపు ఇరుసు మీదికే పోతుంది. ఎక్కినవాళ్ళ బరువు ఎవరు మోశారన్నది అక్కడే తెలుస్తుంది.

'కోచ్' అనే మాట హంగరీలోని కోచ్ అనే పల్లె పేరు నుంచి వచ్చింది. 15వ శతాబ్దంలో అక్కడి బండ్లకు మంచి పేరుండేది. తర్వాతి కాలపు కోచ్‌లలో కూర్చునే పెట్టెను తోలు పట్టీలతో వేలాడదీశారు. కుదుపు తగ్గింది గానీ ఊగుడు పట్టుకుంది. 1784లో బ్రిస్టల్ నుంచి లండన్‌కు టపా కోచ్ మొదలైనప్పుడు ప్రయాణం దాదాపు 16 గంటలు. సుమారు పది మైళ్ళకోసారి గుర్రాలను మార్చేవారు.

19వ శతాబ్దం మొదట్లో ఒబడయా ఇలియట్ ఉక్కు కమాను స్ప్రింగులకు పేటెంటు తీసుకున్నాడు. దాంతో బండి అడుగున పొడవాటి దూలం అక్కర్లేకపోయింది, బండ్లు తేలికయ్యాయి. ఊరేగింపులకు రెండు వైపులా కప్పు మడిచే లాండో, ఇద్దరు కూర్చునేందుకు ఒంటి గుర్రపు బ్రూహమ్ వచ్చాయి. 1829లో లండన్ వీధుల్లోకి మూడు గుర్రాల ఆమ్నిబస్ దిగింది. మనం ఎక్కే 'బస్సు' ఆ పేరుకి మిగిలిన తోకే!

ఇవి నాలుగు చక్రాలవి. బరువు చక్రాలు మోస్తాయి, గుర్రం లాగితే చాలు. రెండు చక్రాల బండి సంగతి వేరు. ఇరుసుకు ముందు బరువెక్కువైతే నొగలు గుర్రం వీపు మీద పడతాయి. వెనక ఎక్కువైతే నొగలు లేచి పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది. 1834లో పేటెంటు పొందిన హాన్సమ్ క్యాబ్‌కు తర్వాత మార్పులు చేసి, తోలేవాణ్ణి వెనక ఎత్తున కూర్చోబెట్టారు. ముందు ప్రయాణికులు, వెనక అతను, తూకం సరి.

మన జట్కాలో తోలేవాడు ముందు, మనం వెనక. అందుకే ఎక్కగానే జట్కా సాయిబు "కాస్త ముందుకు జరగండి బాబూ", "అమ్మా, మీరు వెనక్కి" అని సర్దించేవాడు. చాలామంది దాన్ని చాదస్తమనుకున్నారు. లెక్కల మాస్టారు బోర్డు మీద వేసిన తులాదండం అదే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, దిగేటప్పుడు వీపు మీదికి వస్తుంది. కాబట్టి ఒక్కసారి సర్దితే సరిపోదు. నిటారు వాలు దగ్గర మంచి జట్కావాడు తానే దిగి, కళ్ళెం పట్టుకుని గుర్రం పక్కన నడిచేవాడు.