పుష్యం రాకముందు మట్టి పని

డిసెంబరు సగం దాటిందంటే మా బడి హాజరు పట్టీలో ఖాళీలు పెరుగుతాయి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, రెండు రోజులు వస్తే మూడు రోజులు రారు. ఇంటికి పోయి అడిగితే తల్లులది ఒకటే మాట. "మట్టి పని నడుస్తుంది సారూ, సంక్రాంతి సెలవులు అయినంక తోలిస్తం." పైకి పంపే కాగితంలో దీనికి గడి లేదు. అనారోగ్యం అని ఉంది, వలస అని ఉంది, ఇతరములు అని ఉంది. మేము ఏళ్ల తరబడి ఇతరములు అనే రాశాము. మా చిన్నప్పుడు మా పంతుళ్లు కూడా మా పేర్ల ముందు అదే రాసి ఉంటారు.

మా గోండు ఊళ్ల చరిత్ర అంటే జోడేఘాట్ చెప్తాము, కుమ్రం భీమ్‌ను చెప్తాము. చెప్పాల్సిందే. మా వంశాల కథలు పర్ధాన్లు కీక్రీ వాయిస్తూ పాడతారు. కానీ ఏటా గోడ పూసిన చేతుల సంగతి పాటలోనూ లేదు, పాఠంలోనూ లేదు.

మా వైపు దీపావళికి దండారి, గుస్సాడి అయిపోయాక పని పత్తి చేల మీద పడుతుంది. పత్తి ఏరుతూనే ఇంటి పని మొదలుపెడతారు. ఎందుకంటే పుష్య మాసం మాకు పెద్దది. ఆ నెల అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్లు గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన గంగాజలం తెస్తారు. దారి పొడుగునా చుట్టాల ఊళ్లే. చుట్టం వచ్చేసరికి గోడ పెచ్చులూడి ఉండకూడదు. బడి సెలవులేమో సంక్రాంతికి ఇస్తారు, చాలా ఏళ్లు ఆ సెలవులు అయిపోయాకే జాతర వస్తుంది. అందుకని మా పిల్లలు ముందు ఇంటి పనికి ఒకసారి, తర్వాత జాతరకు ఒకసారి బడి మానుతారు. ఈ లెక్క మేము మా నౌకరీ మొదలైన ఏడే గమనించాము, ఇప్పటికీ సర్దుబాటు కాలేదు.

పని ఈ కాలంలోనే ఎందుకంటే దానికి ఒక తెలివి ఉంది. వానలు పూర్తిగా పోవాలి, ఎండ మాత్రం ముదరకూడదు. ఎండాకాలంలో పూస్తే మట్టి దడదడ ఆరి పగుళ్లిస్తుంది. చలికాలపు ఎండకు మెల్లగా ఆరి గట్టిపడుతుంది. కప్పు వేసే గడ్డి కూడా అప్పటికే ముదిరి కోతకు వస్తుంది. వెదురు వానాకాలంలో నరికితే తొందరగా పురుగు పడుతుంది, చలికాలంలో నరికింది ఆగుతుంది. తడకలు మేమే అల్లుకుంటాము గానీ, గంపలు, చాటలు కావాలంటే కొలాముల దగ్గరికే పోవాలి. వెదురులో వాళ్ల చెయ్యి మాకు రాదు.

మట్టి తేవడం ఆడవాళ్ల పని. ఎక్కడి మట్టి పడితే అక్కడిది పనికిరాదు. నల్లరేగడి ఆరితే నెర్రెలిస్తుంది, గోడకు ఎర్రమట్టే కావాలి. పుట్టమన్ను దొరికితే ఇంకా మంచిది. దాంట్లో జొన్న పొట్టో, తరిగిన గడ్డో, ఆవు పేడో కలిపి నీళ్లు పోసి రెండు మూడు రోజులు నానేస్తారు. నానిన మట్టిని తొక్కడం పిల్లల వంతు. మా చిన్నప్పుడు పొద్దున్నే ఆ చల్లటి మట్టిలో కాలు పెట్టాలంటే ఏడుపొచ్చేది. మా నాయనమ్మ మాత్రం, "తొక్కు బిడ్డా, మట్టి వెచ్చబడేదాక తొక్కు" అనేది. వెచ్చబడేది మట్టి కాదు, మేమే. మొదటి పూత మందంగా, అది ఆరాక రెండోది పలచగా. ఆపైన అలుకు. కింద అంచుకు జాజు పట్టీ. దేవుని మూలను మాత్రం అందరికన్నా పెద్ద ఆడది అలకాలి.

ఇప్పుడు వెనక్కి పోదాము. మా ముత్తాతల కాలంలో ఊరు ఒకేచోట పాతుకుని ఉండేది కాదు. భూమి సారం తగ్గితే ఇంకో చోట పోడు కొట్టుకుని అక్కడ ఇళ్లు వేసుకునేవారు. కట్టెలు, వెదురు, మట్టి, గడ్డి అన్నీ అడవివే. నిజాం ప్రభుత్వం అడవికి హద్దురాళ్లు పాతాక ఆ కదలిక ఆగిపోయింది. రక్షిత అడవిలో ఇల్లు ఉండడమే నేరమైంది. బాబేఝరి దగ్గర అటవీ సిబ్బంది ఇళ్లు తగలబెట్టారు. 1940లో భీమ్, ఆయన మనుషులు జోడేఘాట్‌లో నేలకొరిగారు. ఆ పోరును మనం భూమి పోరు అంటాము. ఇంటి పోరు కూడా అని మాకు తోస్తుంది.

ఆ తర్వాతే హైమన్‌డార్ఫ్ దొర, బెట్టీ దొరసాని మార్లవాయికి వచ్చారు. గోండు ఊళ్లో ఊరివాళ్ల మధ్య గుడిసెలో ఉన్నారు. ఆయన సలహా మీద గోండులకు భూమి పట్టాలు ఇవ్వడం మొదలైంది, 1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చేశారు. మేము శిక్షణ డిప్లొమా చదివినప్పుడు ఆ కేంద్రం సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఏటా జనవరి 11న మార్లవాయిలో ఆ దంపతుల వర్ధంతి జరుగుతుంది. మేము మొదటిసారి అక్కడికి పోయినప్పుడే తెలిసింది, మాకన్నా ముందు అక్కడ గోండు పంతుళ్లు ఉన్నారని.

పట్టా వచ్చాక ఊరు కదలడం ఆగింది. కదలని ఊళ్లో ఇల్లు పాతబడితే బాగుచేసుకోవడమే దారి. నిన్నటి కట్టెకే మళ్లీ మళ్లీ మట్టి పూయాలి. ఈ ఏటేటా మట్టి పని ఇంత పెద్దదవడానికి అదీ ఒక కారణమని మా లెక్క. పట్టా భూమినిచ్చింది గానీ దూలాన్ని ఇవ్వలేదు. ఒక చలికాలం మా నాయన నడిదూలం విరిగిందని అడవి నుంచి టేకు దుంగ తెచ్చాడు. దారిలో పట్టుకున్నారు. దుంగ పోయింది, జుర్మానా కట్టడానికి రెండు మేకలూ పోయాయి. ఆ ఏడు ఇల్లు సగం కప్పుతోనే ఉండిపోయింది. మేము పెదనాయన ఇంట్లో పడుకుని జనవరి నెలంతా బడి మొహం చూడలేదు. మా హాజరులో ఇతరములు అంటే అది.

1985లో ఇందిరా ఆవాస్ వచ్చాక మెల్లగా మా ఊళ్లకూ ఇటుక గోడలు, రేకులు, స్లాబులు చేరాయి. వాటిని తిట్టే హక్కు మాకు లేదు. వాన కురిసిన రాత్రి పళ్లాలు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు స్లాబు విలువ తెలుసు. తట్టలకొద్దీ మట్టి మోసిన ఆడవాళ్ల నడుములకు ఇంకా బాగా తెలుసు. కాకపోతే ఎండాకాలం రేకుల కింద ఎవరూ ఉండలేరు. అందుకే స్లాబు ఇంటి పక్కనే మట్టి వంటిల్లు ఒకటి నిలబడే ఉంటుంది. మట్టి పని తగ్గింది, పోలేదు. మగపిల్లలు సెలవుల్లో క్రికెట్‌కు పోతే ఆడపిల్లలు దానికే పోతున్నారు. ఇది మాత్రం మాకు నచ్చదు. తొక్కేటప్పుడు మేమూ మగపిల్లలమే కదా.

పోయిన డిసెంబరులో మేము ఒక పని చేశాము. రానివాళ్లను పిలిపించడం మాని, ఇంట్లో ఏం చేస్తున్నారో రాసుకుని రమ్మన్నాము. ఐదో తరగతి పిల్ల ఒకతి మట్టి కలిపే తీరు ఒక పేజీ నిండా రాసింది. కొలతలన్నీ గంపల్లోనే. మూడో రోజు వాళ్ల నాయనమ్మ బడికి వచ్చింది. పిల్ల రాసింది మనుమరాలితోనే చదివించుకుని విన్నది. "నానేసే సంగతి తప్పు రాసింది సారూ, ఒక్క రోజు చాలదు, మూడు రోజులు" అని దిద్దించి, గడప దాటుతూ బడి గోడను వేలితో గీకి చూసింది. సున్నం పొడిపొడిగా రాలింది. "దీన్ని ఎవరు పూసిండ్రు?" అని అడిగింది.