తగ్గుతూపోయే గ్రాంటు: అమెరికాలో మానసిక ఆరోగ్య, పోలీసు భాగస్వామ్యాల చరిత్ర

మానసిక సంక్షోభంలో ఉన్న వ్యక్తి నడివీధిలో కనిపించినప్పుడు అతని దగ్గరకు మొదట చేరవలసినవారు పోలీసులా, వైద్య సిబ్బందా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రాలు అరవై ఏళ్లుగా చట్టాల ద్వారా, నిధుల ద్వారా సమాధానం వెదకుతున్నాయి. ఈ చరిత్రను సాధారణంగా శిక్షణ పద్ధతుల చరిత్రగానో, సంస్కరణోద్యమ చరిత్రగానో రాస్తారు. ప్రస్తుత వ్యాసం దానిని గ్రాంటుల షరతుల వైపు నుంచి పరిశీలిస్తుంది. ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలన్నది, ఎంతకాలం పనిచేయాలన్నది చాలాచోట్ల సదుద్దేశం కన్నా ఆ షరతులే నిర్ణయించాయి.

1955 నాటికి అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సుమారు 5,59,000 మంది రోగులు ఉండేవారు. వారిని తమ ఊళ్లకు సమీపంలోనే చికిత్స పొందేలా చేయాలన్న ఆశయంతో 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టంపై సంతకం చేశారు. ఆ చట్టంలో భవనాలకు డబ్బు ఉంది, వాటిలో పనిచేసేవారి జీతాలకు లేదు. 1965 సవరణ ఈ లోపాన్ని కొంత పూరించింది. సిబ్బంది ఖర్చులో ఫెడరల్ వాటా తొలి 15 నెలలకు 75 శాతం, తరువాతి మూడేళ్లకు వరుసగా 60, 45, 30 శాతం. ఆ పైన భారమంతా స్థానికులదే. ఈ తగ్గుదల వెనుక ఒక నమ్మకం ఉంది: మొక్క నాటి కొన్నాళ్లు నీళ్లు పోస్తే తరువాత అదే బతుకుతుందని. సంకల్పించిన 1,500 కేంద్రాల్లో దాదాపు సగమే ఏర్పడ్డాయి. 1980లో కార్టర్ ప్రభుత్వం తెచ్చిన మానసిక ఆరోగ్య వ్యవస్థల చట్టాన్ని మరుసటి ఏడే రీగన్ ప్రభుత్వం చాలావరకు రద్దు చేసి, ఆ నిధులను రాష్ట్రాలకిచ్చే బ్లాక్ గ్రాంటులుగా మార్చింది. వైద్యశాలలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. బయటికి వచ్చినవారిలో ఆసరా దొరకనివారికి వీధిలో ఎదురైన మొదటి ప్రభుత్వోద్యోగి పోలీసు.

1987 సెప్టెంబరులో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో, చేత కత్తి పట్టుకొని మానసిక వ్యథలో ఉన్న ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. నగరంలో పెల్లుబికిన ఆగ్రహం నుంచే 1988లో సంక్షోభ జోక్య బృందం అనే పద్ధతి పుట్టింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇచ్చారు. మానసిక వైద్య నిపుణులు, రోగుల కుటుంబాల సంఘం, స్థానిక విశ్వవిద్యాలయాలు అందులో పాలుపంచుకొన్నాయి. శిక్షణ ఇచ్చినవారు ప్రతిఫలం తీసుకోలేదు. ఈ పద్ధతి పేరు చెప్పగానే అందరూ ఆ 40 గంటలనే ప్రస్తావిస్తారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది, పోలీసులు తీసుకొచ్చిన రోగిని కాదనకుండా చేర్చుకొన్న అత్యవసర వైద్య విభాగం. చేర్చడానికి చోటు లేని ఊళ్లో ఎంత శిక్షణ పొందిన పోలీసుకైనా మిగిలేది జైలు దారే.

2004 అక్టోబరులో వెలువడిన చట్టం ఇటువంటి స్థానిక ప్రయత్నాలకు ఫెడరల్ నిధులు కల్పించింది. మానసిక రోగంతో ఉన్న నేరస్థుల చికిత్స, నేరతగ్గింపు అన్న దాని శీర్షికలోనే రోగి నేరస్థుడైపోయాడు. పేరు పెట్టడంలోనే తీర్పు ఉంటుందని సాహిత్య విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే లోపలి నిబంధన మాత్రం కొత్తది: న్యాయ, పోలీసు వ్యవస్థకు చెందిన ఒక సంస్థ, మానసిక ఆరోగ్య సంస్థ కలిసి దరఖాస్తు చేస్తేనే గ్రాంటు. అంతవరకు వేరువేరు ఖాతాలతో, వేరువేరు పరిభాషలతో నడిచిన రెండు శాఖలు ఒకే పత్రంపై సంతకం చేయవలసి వచ్చింది. 2005కు 5 కోట్ల డాలర్ల వరకు ఇవ్వడానికి చట్టం అనుమతించగా, 2006లో తొలిసారిగా దక్కినవి 50 లక్షలే. ఇక ఫెడరల్ వాటా పరిమితి తొలి రెండేళ్లు 80 శాతం, మూడో ఏట 60, నాలుగు, ఐదు ఏళ్లలో 25. ఇది 1965 నాటి లెక్కకు తోబుట్టువు. నలభై ఏళ్ల అనుభవం తరువాత కూడా అదే మెట్ల వరుస ఎలా తిరిగి వచ్చిందన్నది చరిత్రకారులు విడిగా పరిశోధించవలసిన అంశం.

ఫెడరల్ గ్రాంటుతో పుట్టని ఒక ప్రయోగాన్ని ఇక్కడ పోల్చి చూడాలి. ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో, 1969లో వెలసిన వైట్ బర్డ్ క్లినిక్ 1989లో కహూట్స్ అనే సేవను ప్రారంభించింది. ఆయుధాలు లేని ఇద్దరు, ఒక వైద్య సహాయకులు, ఒక సంక్షోభ కార్యకర్త, వ్యానులో వెళ్లేవారు. నగర పోలీసు శాఖ బడ్జెట్ నుంచే నిధులు అందేవి. 2019లో వచ్చిన సుమారు 24,000 పిలుపుల్లో పోలీసుల సాయం కోరినవి 311 అని ఆ సంస్థ ప్రకటించింది. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. వాటిలో చాలా పిలుపులు పోలీసులు ఎటూ వెళ్లనివేనని పోలీసు శాఖ తన విశ్లేషణలో వాదించింది. ఏమైనా 2020 నిరసనల తరువాత దేశమంతా ఈ చిన్న నగరం వైపు చూసింది. 2021 నాటి ఫెడరల్ చట్టం సంచార సంక్షోభ సేవలకు మెడికెయిడ్ ద్వారా తొలి 12 త్రైమాసికాలకు 85 శాతం వాటా ప్రకటించింది. 2022 జులైలో 988 సంఖ్య అమల్లోకి వచ్చింది. ఇంతమందికి నమూనాగా నిలిచిన కహూట్స్ మాత్రం నిధుల కొరతతో 2025 ఏప్రిల్‌లో యూజీన్‌లో ఆగిపోయింది.

భారతదేశ చట్టాల్లో ఈ ప్రశ్న మరో రూపంలో కనిపిస్తుంది. దిక్కులేక తిరిగే మతిస్థిమితం లేనివారిని పట్టి మేజిస్ట్రేటు ముందుంచడం 1858 నాటి 36వ చట్టం దారోగాకు అప్పగించిన విధి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ అటువంటి వ్యక్తిని రక్షణలోకి తీసుకొని 24 గంటలలోగా సమీప ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలని, లాకప్పులో గాని జైల్లో గాని ఉంచరాదని ఆదేశించింది. పట్టడం రక్షించడంగా మారడానికి మనకు 159 ఏళ్లు పట్టింది. పోలీసులకు అవగాహన కల్పించాలని కూడా ఆ చట్టం చెప్పింది. కాని ఠాణా, ఆసుపత్రి కలిసి అడిగితేనే నిధులు వస్తాయన్న నిబంధన అందులో లేదు. రాత్రి రెండు గంటలకు ఆ వ్యక్తిని తీసుకువెళ్లే వాహనం ఏ శాఖ ఖాతాలోది అన్నది ఇప్పటికీ స్థానిక అధికారుల సర్దుబాటుకే మిగిలి ఉంది.