శబ్ద నియంత్రణ (హైదరాబాదు నగరం)

హైదరాబాదులో లౌడ్‌స్పీకర్లు, డీజేలు, హారన్లు, టపాసులు, జనరేటర్లు, పబ్బుల సంగీతం మొదలైన వాటి మోతకు హద్దులు పెట్టి అమలు చేసే చట్టాలు, అధికారాలు, అలవాట్ల సముదాయం. నగరపాలక సంస్థ తనంతట తాను పెట్టుకున్న పరిమితులు కావివి. అంకెలు కేంద్ర ప్రభుత్వానివి, ఏ పేట ఏ తరగతిలోకి వస్తుందో తేల్చాల్సింది రాష్ట్రం, కొలిచేది కాలుష్య నియంత్రణ మండలి, మైకు ఆపించేది పోలీసులు. ఇన్ని చేతుల మీదుగా నడిచే వ్యవహారం కనుక కాగితం మీద డెసిబెళ్ల పట్టిక ఉన్నా, వీధిలో చెల్లుబాటయ్యే హద్దు ఎక్కువగా రాత్రి పది గంటలే. ఫ్యాక్టరీ లోపల కార్మికుల చెవిన పడే చప్పుడు వేరే చట్టాల కిందికి వస్తుంది, ఇక్కడ చర్చించడం లేదు.

పూర్వరంగం

శబ్ద కాలుష్యం అన్న మాట వాడుకలోకి రాకముందే వీధి మోతపై అదుపు ఉంది. అయితే దాన్ని ఆరోగ్య సమస్యగా కాక శాంతిభద్రతల సమస్యగా చూశారు. జిల్లాల్లో తరచూ అమల్లో ఉందని ప్రకటించే '30 పోలీసు యాక్టు' 1861 నాటి చట్టంలోని సెక్షను. పండుగలు, ఉత్సవాల వేళ వీధుల్లో వాద్యాలు ఎంతమేర వాడవచ్చో నిర్ణయించే అధికారం అందులో పోలీసులకు స్పష్టంగా ఉంది. మసీదుల ముందు మేళతాళాలతో ఊరేగింపుల తగాదాలు మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టులకు చాలానే వెళ్లాయి. వాటిలో తరచూ ఉదహరించేది సేలం ఊరేగింపుల వివాదంపై 1883లో వెలువడిన సుందరం చెట్టి కేసు తీర్పు. రాజమార్గంలో మతపరమైన ఊరేగింపు హక్కును ప్రీవీ కౌన్సిల్ మంజూర్ హసన్ - మహమ్మద్ జమాన్ కేసులో అంగీకరిస్తూనే, మేజిస్ట్రేటు ఆంక్షలకు దాన్ని లోబరచింది. ఈ తీర్పుకు కొందరు 1924 అని, కొందరు 1925 అని వేస్తారు. మొదటిది తీర్పు చెప్పిన ఏడు, రెండోది లా రిపోర్టుల్లో అచ్చయిన ఏడు.

హైదరాబాదు సంస్థానానికి తన పోలీసు చట్టం తనకుంది. ఫసలీ 1348 నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం నేటికీ నగరంలో అమల్లో ఉంది. ఫసలీ సంవత్సరం రెండు క్రీస్తు శకపు సంవత్సరాల మీదుగా సాగడం వల్ల దీన్ని 1938 నాటిదని ఒకచోట, 1939 నాటిదని మరోచోట చూస్తాం. ఫసలీ లెక్కనే ఉంచుకోవడం మేలు. ఆంధ్ర ప్రాంతపు పట్టణాలకు వచ్చిన వారసత్వం వేరు, అది మద్రాసు పట్టణ న్యూసెన్సుల చట్టం, 1889.

మైకు వచ్చాక ప్రశ్న మారింది. మాట్లాడే హక్కులో మైకు పెట్టుకునే హక్కు కూడా ఉందా? యంత్రంతో గొంతు పెంచుకోవడం వాక్ స్వాతంత్ర్యంలో భాగం కాదని అలహాబాదు హైకోర్టు 1958లో రజనీకాంత్ వర్మ కేసులో తేల్చింది. తరువాతి తీర్పులు మొత్తం మీద అదే దారి పట్టాయి.

నియమావళి

1981 నాటి వాయు కాలుష్య చట్టంలో మొదట శబ్దం ఊసు లేదు. 1987 సవరణతో 'వాయు కాలుష్య కారకం' నిర్వచనంలో శబ్దాన్నీ చేర్చారు. పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) కింద 1989 డిసెంబరులో తొలి పరిమితుల పట్టిక వచ్చింది. దాన్ని ఎవరు, ఎలా అమలు చేయాలో చెప్పే శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమావళి 2000 ఫిబ్రవరి 14న వెలువడింది. మధ్యలోని పదేళ్లు అంకెలున్నా నాథుడు లేని కాలం.

పట్టిక ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెళ్లు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. నివాస ప్రాంతంలో 55, 45. నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. 1989 పట్టికలో పగలు రాత్రి 9కే ముగిసేది. ఈ ఒక్క గంట పొడిగింపును వ్యాఖ్యాతలు పెద్దగా పట్టించుకోలేదు గాని, సభలకు, పెళ్లి ఊరేగింపులకు, పందిళ్లకు అసలు సందడి ఆ గంటలోనే.

నివాస ప్రాంతపు అంకెలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాలతో కలుస్తాయి. అక్కడి నుంచే తీసుకున్నారనే మాట మాత్రం కాలక్రమానికి నిలవదు, మన పట్టిక పదేళ్లు ముందుది. పగటికి 55 అన్న సూచన అదే సంస్థ 1980లో ప్రచురించిన గ్రంథంలోనూ ఉంది కనుక మూలం అది కావచ్చు.

ప్రాంతాల వర్గీకరణ

అమలులో మొదటి చిక్కు ఇక్కడే. ప్రాంతాలను నాలుగు తరగతులుగా విభజించే బాధ్యత నియమావళి రాష్ట్రానికి ఇచ్చింది. మిశ్రమ ప్రాంతమైతే అధికారి దాన్ని ఏదో ఒక తరగతిలో వేయాలి. కింద చెప్పుల దుకాణం, మధ్యలో కోచింగ్ సెంటరు, పైన నాలుగు కాపురాలు ఉండే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల ఆ ఎంపిక మీదే పది డెసిబెళ్ల తేడా ఆధారపడి ఉంటుంది.

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలమన్నది చాలాకాలం అందరికీ తెలిసిన నియమం. నగరంలో ఆసుపత్రికో బడికో 100 మీటర్ల లోపు లేని సందు వెతికినా దొరకడం కష్టం కనుక, నియమాన్ని అక్షరాలా తీసుకుంటే సగం ఊరు నిశ్శబ్ద మండలమే అవుతుంది. 2017 ఆగస్టు సవరణ ఆ పరిస్థితి తప్పించింది. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప ఏ ప్రాంతమూ నిశ్శబ్ద మండలం కిందికి రాదని చెప్పింది. బొంబాయి హైకోర్టు దీన్ని నిలిపివేసింది. కొద్ది రోజులకే, సెప్టెంబరులో, సుప్రీంకోర్టు ఆ నిలుపుదలపై స్టే ఇచ్చింది. సందర్భం ముంబయి గణేశ ఉత్సవాలది, ఫలితం దేశం మొత్తానిది.

కొలత

పరిమితులు చెవి స్పందనకు తగ్గట్టు సవరించిన 'ఎ' స్కేలు మీద, సమతుల్య శక్తి సగటుగా చెప్పినవి. డెసిబెల్ లాగరిథమ్ కొలమానం. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. కనుక ఈ సగటు మామూలు సగటులా ప్రవర్తించదు. రోజంతా 50 డెసిబెళ్ల వద్ద ఉండే వీధిలో ఒక్క నిమిషం పాటు 95 డెసిబెళ్ల మోత మోగితే, పదహారు గంటల పగటి సగటు 65 దాటుతుంది. పది నిమిషాలైతే 75. అయినా నియమావళి 'నిర్దిష్ట కాలం'పై సగటు అంటుందే గాని ఆ కాలం ఎంతో చెప్పదు. ఊరేగింపు పక్కన నిలబడి చేతి మీటరులో చూసిన అంకెను పగటి పరిమితితో పోల్చవచ్చా అన్న వాదన అందుకే కోర్టుల్లో నిందితుల తరఫున పనికొస్తుంది.

నిరంతర కొలత 2011లో మొదలైంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏడు నగరాల్లో 35 కేంద్రాలతో జాతీయ శబ్ద పర్యవేక్షణ జాలాన్ని ప్రారంభించి, ఆ తరువాత కేంద్రాల సంఖ్యను 70కి, అంటే నగరానికి పదికి పెంచింది. హైదరాబాదులో జీడిమెట్ల, సనత్‌నగర్ పారిశ్రామిక తరగతిలో, అబిడ్స్, ప్యారడైజ్ వాణిజ్యంలో, జూబ్లీహిల్స్, తార్నాక నివాసంలో, జూ పార్కు, గచ్చిబౌలి నిశ్శబ్ద మండలంలో ఉన్నాయి. పత్రికల్లో ఏటా వచ్చే 'పరిమితి దాటిన శబ్దం' వార్తలకు ఆధారం ఈ కేంద్రాలే. వాటి లెక్కలు ధోరణిని చెబుతాయి; ఫలానా పందిరి మీద కేసు పెట్టడానికి అక్కరకు రావు.

అధికారి, ఫిర్యాదు

నియమావళిలో 'అధికారి' అంటే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు లేదా డీఎస్పీ హోదాకు తగ్గని మరో అధికారి. 'మైకు పర్మిషన్' ఇవ్వాల్సిందీ, ఆపించాల్సిందీ వీరే. పరిమితిని పది డెసిబెళ్లు లేదా అంతకు మించి దాటితేనే ఫిర్యాదు చేసే హక్కు పుడుతుందన్నది మొదటి నిబంధన. అంటే పట్టికలో 55 ఉన్నా, పగటి పూట ఫిర్యాదుదారుకు ఆచరణలో హద్దు 65. పైగా మీటరు లేని పౌరుడు పది డెసిబెళ్ల తేడా ఎలా నిరూపిస్తాడు? 2010 సవరణ దీనికి సగం జవాబిచ్చింది. రాత్రి పది తరువాత మైకుల వంటి వాటిపై ఉన్న ఆంక్షల ఉల్లంఘన జరిగితే డెసిబెళ్ల ప్రసక్తి లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. పరికరం అక్కర్లేదు, టైము చాలు. అమలు దృష్టితో చూస్తే మొత్తం నియమావళిలో అన్నిటికంటే ఉపయోగపడిన వాక్యం ఇదే అనిపిస్తుంది.

సుప్రీంకోర్టు తీర్పులు

2000 ఆగస్టులో మద్రాసు నగరపు ఒక చర్చి మైకు వివాదంలో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టేలా ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు పేర్కొంది. 2005 జులై 18న జస్టిస్ లహోటీ నేతృత్వంలోని ధర్మాసనం ఇచ్చిన తీర్పు అంతకంటే విస్తృతమైనది. దానికి మూలం 1998 నాటి ఒక పిటిషను. అత్యాచారానికి గురైన పదమూడేళ్ల బాలిక అరుపులు చుట్టుపక్కల మైకుల హోరులో వినబడకపోవడం దాని నేపథ్యం. బహిరంగ స్థలం సరిహద్దు వద్ద మైకు శబ్దం ఆ ప్రాంతపు పరిమితికి మించి పది డెసిబెళ్లు లేదా 75, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదని, సొంత సౌండు సిస్టమ్‌లకు ఆ వెసులుబాటు ఐదేనని తీర్పు చెప్పింది. తరువాతి సవరణల్లో ఇవి నియమావళిలోకి వచ్చాయి. టపాసులకు 1999 నుంచే వేరే ప్రమాణం ఉంది: పేలే చోటుకు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు మించరాదు.

పండుగలకు మినహాయింపు 2002 సవరణతో వచ్చింది. ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకుండా, రాత్రి పది నుంచి పన్నెండు వరకు మైకులను రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. దీన్ని సవాలు చేసిన కేసులో 2005 అక్టోబరు 28న సుప్రీంకోర్టు సవరణను సమర్థిస్తూనే రెండు కంచెలు వేసింది. ఈ అధికారాన్ని రాష్ట్రం కిందివారికి అప్పగించరాదు. రోజుల లెక్క రాష్ట్రమంతటికీ ఒక్కటే, జిల్లాకో లెక్క కుదరదు. వినాయక చవితి, దసరా, క్రిస్మస్, మీలాద్, బోనాలు, బతుకమ్మ అన్నీ ఆ పదిహేనులోనే సర్దుకోవాలి.

డీజేలు, పబ్బులు

గణేశ నిమజ్జన ఊరేగింపుల్లో, బోనాల్లో, మీలాద్ ర్యాలీల్లో లారీలకెక్కించిన డీజే సెట్లు బాజాభజంత్రీలను వెనక్కి నెట్టిన కాలాన్ని కచ్చితంగా గుర్తించడం కష్టం. మార్పు క్రమంగానే వచ్చినట్టుంది. 2024 సెప్టెంబరులో నిమజ్జనం, మీలాద్ ర్యాలీ రెండు రోజుల తేడాతో జరిగాక, అక్టోబరు మొదట్లో నగర పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, సౌండు మిక్సర్లను, టపాసులను నిషేధించారు. సాధారణ సౌండు సిస్టమ్‌లకు పోలీసు అనుమతితో వీలుంచారు. ఎంత మోతో కొలిచి పట్టుకునే బదులు, మోత చేసే వస్తువునే రోడ్డెక్కనీయకపోవడం ఈ ఉత్తర్వు పద్ధతి.

పబ్బుల సంగతి వేరు. రాత్రి నిషేధం నుంచి సభామందిరాలు, విందు హాళ్ల వంటి మూసిన ఆవరణలకు, లోపలివారితో సంభాషణ కోసం, మినహాయింపు ఉంది. డాన్సు ఫ్లోరు సంగీతం ఆ నిర్వచనంలోకి వస్తుందా, గోడలు శబ్దాన్ని ఆపకపోతే అది మూసిన ఆవరణ అవుతుందా అన్నవి జూబ్లీహిల్స్ నివాసుల వ్యాజ్యాల్లో ముందుకొచ్చిన ప్రశ్నలు. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాత్రి పది తరువాత పబ్బుల్లో సంగీతం వద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ధర్మాసనం ఆ తరువాత దాని పరిధిని కొన్ని పబ్బులకే కుదించింది.

వాహనాలు, యంత్రాలు

అనవసర హారనుకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం మొదటిసారి 1,000, ఆ పైన 2,000 రూపాయల జరిమానా. మార్చిన బుల్లెట్ సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలరుతో తొక్కించే పోలీసు కార్యక్రమాలు తెలుగు నగరాల్లో మామూలే. డీజిల్ జనరేటర్ల విషయంలో మాత్రం పద్ధతి మారింది. 1,000 కేవీఏ వరకు సెట్లకు మీటరు దూరంలో 75 డెసిబెళ్లన్న 2002 ప్రమాణం తయారీదారు మెడకు చుట్టుకుంది, కనుక పెట్టెలో మూసిన జనరేటరు దుకాణంలోనే దొరుకుతోంది.

శిక్షలు

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఐదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వరకు ఉండేది. కానీ ఆ చట్టం కింద కోర్టు కేసు స్వీకరించాలంటే ప్రభుత్వం లేదా అధీకృత అధికారి ఫిర్యాదు చేయాలి. పౌరుడైతే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందువల్ల పోలీసులు నగర పోలీసు చట్టాన్ని, శిక్షాస్మృతిలోని న్యూసెన్సు సెక్షనునే ఆశ్రయించారు. పాత 290 సెక్షను కింద జరిమానా 200 రూపాయలు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 292 కింద 1,000. కేంద్ర మండలి 2020లో పరిహారాల పట్టిక ఇచ్చింది. మైకు ఉల్లంఘనకు సామగ్రి జప్తుతో పాటు 10,000. నిర్మాణ యంత్రాలకు 50,000. వెయ్యి కేవీఏ దాటిన జనరేటరుకు లక్ష. నివాస ప్రాంతంలో టపాసులకు 1,000, నిశ్శబ్ద మండలంలో 3,000. పర్యావరణ చట్టంలోని జైలు శిక్షను జన విశ్వాస్ చట్టం (2023) తొలగించి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు అపరాధ రుసుము పెట్టింది. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. పాత పుస్తకాల్లో ఐదేళ్ల జైలు మాటే కనిపిస్తుంది కనుక ఉదహరించేవారు తేదీ చూసుకోవాలి.